గ్రహణం రాత్రి వరంగల్‌ల చూసిన ఫైనల్

రగ్బీ వరల్డ్ కప్పు సెమీఫైనల్‌ల సౌతాఫ్రికా పొలార్డ్ కొట్టిన ఆ పెనాల్టీ, అంటే అవతలోడు తప్పు చేస్తే పోస్టుల నడుమకెళ్లి తన్నే మూడు పాయింట్ల కిక్కు, నేను చూడలే. ఇంగ్లండ్ 15, మన సౌతాఫ్రికా 13, ఇంక రెండు మూడు నిమిషాలే ఉన్నయి, పోస్టులు దగ్గర దగ్గర యాభై మీటర్ల దూరం, పొలార్డ్ బాల్ పెట్టి వెనకకు జరిగిండు, సరిగ్గా అప్పుడే ఫోన్ల ఆ గుండ్రం తిరుగుడు మొదలైంది. మా ఊర్ల సిగ్నల్ గంతే, డాబా ఎక్కినా రెండు గీతలు దాటదు. మళ్ల బొమ్మ వచ్చేసరికి 16-15, అందరు ఒకర్నొకరు పట్టుకొని ఎగురుతున్నరు. గెలిచినందుకు సంతోషమే గాని నాలుగేండ్ల సంది ఎదురుచూసి ఆ ఒక్క కిక్కు కండ్లార చూడకపోతే ఎట్లుంటది? తెల్లారి మా ఊర్ల సద్దుల బతుకమ్మ, ఇంట్ల అందరు తంగేడు పువ్వు, గునుగు పువ్వు సర్దుతుంటే నేను మాత్రం ఒక్కటే అనుకున్న, ఫైనల్ ఇక్కడ చూసేది లేదు అని.

ఫైనల్ 2023 అక్టోబర్ 28న, న్యూజిలాండ్‌తోని. పారిస్‌ల రాత్రి తొమ్మిది అంటే మనకు అర్ధరాత్రి పన్నెండున్నర. వరంగల్ కరీమాబాద్‌ల మా బావ ఉంటడు, సొంత బావ కాదు, దుబాయ్‌ల ఆరేండ్లు ఒక్కటే రూంల ఉన్నం, అప్పటిసంది బావ అంటే బావనే. వాళ్ల ఇంట్ల ఫైబర్ నెట్ ఉంది, పెద్ద టీవీ ఉంది. ఫోన్ చేస్తే "రా బావా, గని ఆ రోజు చంద్రగ్రహణం, ఇంట్ల మీ చెల్లెకు ఏడో నెల, అమ్మ ఏమంటదో చూడాలె" అన్నడు. నేను ఇగ ఎక్కువ ఇనలే, వస్తున్న అని పెట్టేసిన.

జగిత్యాల దిక్కు మనిషికి రగ్బీ ఏంది, అందుల సౌతాఫ్రికా ఏంది అని మా ఊర్ల ఇప్పటికీ అడుగుతరు. దుబాయ్‌ల నేను బస్సు నడిపిన. మా సైట్‌ల సేఫ్టీ చూసే ఒకాయన సౌతాఫ్రికా ఆయన, పోర్ట్ ఎలిజబెత్ దిక్కు. ఏటా అల్ ఐన్ రోడ్డు మీద ది సెవెన్స్ స్టేడియంల పెద్ద రగ్బీ టోర్నమెంట్ అయితది, ఒకసారి మా కంపెనీ వాళ్లను బస్సుల తీస్కపోయినప్పుడు ఆయన నన్ను గూడ లోపలికి తోల్కపోయి పక్కన కూసోపెట్టుకొని ఒక్కొక్క రూల్ చెప్పిండు. బాల్ చేతితోని ముందుకు ఇయ్యొద్దు, పక్కకో వెనకకో ఇయ్యాలె, మనుషులు మాత్రం ముందుకే ఉరకాలె. నాకు అది భలే అనిపించింది. 2019ల కోలిసీ కెప్టెన్‌గ ఇంగ్లండ్ మీద 32-12తోని కప్పు గెలిచిన్రు, అప్పుడు క్యాంపుల ఆయన పక్కనే కూసున్న. ఆయన ఏడ్చిండు. కోలిసీది ఆయన దిక్కే, జ్విడే అనే పేదోళ్ల బస్తీ, నానమ్మ దగ్గర పెరిగిండు, 2007ల సౌతాఫ్రికా ఫైనల్ ఆడుతుంటే ఇంట్ల టీవీ లేక కల్లు దుకాణం అసుంటి దాంట్లకు పోయి చూసిండట. ఆ దేశంల తెల్లోళ్ల ఆట అనుకున్నదానికి 2018ల మొదటి నల్ల కెప్టెన్ అతనే. అంతకు ముందు వివక్ష వల్ల వాళ్ల టీంను 1987, 1991 వరల్డ్ కప్పులకు రానియ్యనే లేదు. 1995ల వచ్చిన మొదటిసారే గెలిచిన్రు, మండేలా 6 నంబర్ జెర్సీ ఏసుకొని కప్పు ఇచ్చిండు. కోలిసీది గూడ 6 నంబరే. ఇవన్ని ఆయన చెప్పంగ ఇన్న నేను ఇంకో టీంను ఎట్ల పట్టుకుంట?

28 నాడు శనివారం. సూతకం నాలుగింటికే పడతదని అమ్మ పదకొండింటికే అన్నం పెట్టింది, నాలుగు దాటినంక ఏం తినొద్దని ఒట్టు పెట్టిచ్చుకుంది, పెట్టిచ్చుకొని మళ్ల సద్దుల నాటి నువ్వుల సత్తు, పల్లి సత్తు పొట్లం కట్టి బ్యాగుల ఏసింది, గ్రహణం ఇడిసినంక తినుమని. కరీంనగర్ దాక ఏం ఇబ్బంది కాలే. బస్టాండ్‌ల నీళ్ల బాటిల్ 20 రూపాయలదాన్ని 25 తీసుకున్నడు, కూలింగ్ చార్జి అట, పట్టుకుంటే ఎచ్చగుంది. ఐదు రూపాయలే గావచ్చు గని ఎచ్చటి నీళ్లకు కూలింగ్ చార్జి ఇచ్చుడు నాకు ఇప్పటికీ మనసుకు పడ్తలేదు.

వరంగల్ బస్సుల నా పక్కన కూసున్న పిలగాడు డిగ్రీ సదువుతడట, ఫోన్ల ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ క్రికెట్ చూస్తున్నడు. ధర్మశాలల మ్యాచ్. ఆస్ట్రేలియా 388 కొట్టింది, రచిన్ రవీంద్ర సెంచరీ కొట్టి న్యూజిలాండ్‌ను ఎంటనే తీస్కపోతున్నడు. మానకొండూర్ దాటినంక మాటల మీద నేను, ఈ రాత్రి సౌతాఫ్రికా ఫైనల్ ఉంది తమ్మీ, దానికే పోతున్న అన్న. పిలగాడు నా దిక్కు వింతగ చూసిండు. "సౌతాఫ్రికా మ్యాచ్ నిన్ననే అయిపాయె గదన్నా, పాకిస్తాన్ మీద, లాస్ట్‌కు కేశవ్ మహరాజ్ ఫోర్ కొట్టిండు, ఒక్క వికెట్‌తోని గెలిచిన్రు. ఇంక ఫైనల్ యాడిది, నవంబర్ 19 కదా?" రగ్బీ అన్న. రగ్బీ అంటే గుడ్డు లెక్క ఉంటది ఆ బాలా అన్నడు. ముందు సీట్ల ముసలాయన గూడ తిరిగి ఇన్నడు.

హుజూరాబాద్ దాటి కొంచెం పోయినమో లేదో టైర్ పంక్చర్. నాలుగు లైన్ల రోడ్డుకు ఆ ఏడు జూలైలనే శంకుస్థాపన అయ్యింది, అది పడేదాక ఇదే ఇరుకు రోడ్డు, పక్కన ఆగుతందుకు జాగ గూడ లేదు. స్టెప్నీ మార్చుడు గంటంబావు పట్టింది. సీకటి పడ్డది, నిండు పున్నమి చంద్రుడు వరి చేన్ల మీదికి లేచిండు, కోతకొచ్చిన వరి అంతా ఎల్తురు. బస్సుల ఉన్న ఆడోళ్లు చంద్రున్ని చూసి దండం పెట్టి, ఇంటికి జల్ది పోవాలె, తానాలు చెయ్యాలె అని డ్రైవర్ మీద గరం అవుతున్నరు. ఆకలైతున్నది, పిల్లలు ఏడుస్తున్నరు, ఒకామె పిల్లలకు సూతకం లేదని బిస్కెట్లు పంచింది. నా చేతిల సత్తు పొట్లం. ఒట్టు యాదికొచ్చి ముట్టలే. ఆ పిలగాడు రోడ్డు పక్కన మైలురాయి మీద కూసొని మ్యాచ్ చూస్తనే ఉన్నడు, లాస్ట్ ఓవర్ల నీషమ్ రనౌట్ అయిండు, ఐదు పరుగులతోని న్యూజిలాండ్ ఓడింది. పిలగాడు వచ్చి, అన్నా, పొద్దుగాల క్రికెట్‌ల ఓడిన్రు, రాత్రికి నీ ఆటల గూడ ఓడుతరు చూడు అన్నడు. ఆ మాట ఇన్నంక నాకు పంక్చర్ మీది కోపం సగం పోయింది.

మళ్ల ఎలక్షన్ల తనిఖీ. నవంబర్ 30 పోలింగ్ గదా, బ్యాగులన్ని ఇప్పి చూసిన్రు. హన్మకొండ చేరేసరికి ఎనిమిదిన్నర. ఎప్పుడూ కిటకిటలాడే చౌరస్తాల సగం షెట్టర్లు మూసున్నయి, గుళ్లు సాయంత్రమే మూసిన్రట, షేర్ ఆటోలు లేవు. కరీమాబాద్‌కు 250 అన్నడు, గ్రహణం అని చెప్పి. నేను దుబాయ్‌ల టాక్సీలు చూసిన, మీటర్ చూసిన, గ్రహణానికి చార్జీ పెంచుడు ఎక్కడ చూడలే. 180కి ఒప్పుకున్నడు.

బావ వాళ్ల ఇంట్ల అడుగుపెడితే అన్ని గిన్నెల మీద, ఊరగాయ జాడీల మీద, నీళ్ల బిందె మీద గరిక పోసలు. పొయ్యి బంద్. చెల్లె లోపలి అర్రల మంచం మీద, కిటికీలకు దుప్పట్లు కట్టిన్రు, కత్తి ముట్టొద్దు, కత్తెర ముట్టొద్దు, చంద్రున్ని చూడొద్దు. అత్త నాకు మంచినీళ్లు గూడ ఇయ్యలే, కడుపుల పెట్టుకోకు అల్లుడా, పొద్దుగాల కడుపునిండ పెడ్త అన్నది. టీవీ మాట ఎత్తితే ముందు ఒద్దన్నది. గ్రహణం పూట జపం చేస్కోవాలె గని ఆటలేంది అని. అప్పుడు మామ కలగజేసుకున్నడు. మామ ఆజంజాహీ మిల్లుల పనిచేసిండు, మిల్లు మూసేదాక. మిల్లు గ్రౌండ్‌ల కబడ్డీ ఆడినోడు, ఎడమ చేతి రెండు ఏళ్లు ఇప్పటికీ సక్కగ మడుస్తలేవు. "కుస్తీ పట్ల అసుంటి ఆట అట, ఏం కాదు, గొంతు తీసేసి పెట్టుకోండ్రి" అన్నడు. అట్ల సౌండ్ బంద్ చేసి చూసినం. టీవీల ఎనభై వేల మంది అరుస్తుంటే మాకు ఇనొచ్చింది ఒక్కటే, దేవునర్రల అత్త నారాయణ నారాయణ అనుకునుడు.

మొదటి నిమిషాలనే మన హుకర్ ఎంబొనాంబి, అంటే గుంపు కట్టి ఒత్తేటప్పుడు ముందు వరుస నడుమ ఉండేటోడు, మోకాలుకు దెబ్బ తాకి బయటికి పోయిండు. నా పానం పోయినట్టయ్యింది, ఎందుకంటే బెంచి మీద ఏడుగురు ఫార్వర్డులు, అంటే ముందుండి ఒత్తేటోళ్లే, ఉన్నా హుకర్ జాగల అసలైన హుకర్ ఇంకోడు లేడు, ఫోరీ అనే పెద్దాయన దిగిండు. పొలార్డ్ మాత్రం ఒకటెనక ఒకటి నాలుగు పెనాల్టీలు ఏసిండు, నాలుగు మూళ్లు పన్నెండు. ఈసారి ఒక్కటి గూడ ఆగకుంట చూసిన, బాల్ గాలిల తిరుగుకుంట పోస్టుల నడుమకెళ్లి పోవుడు. మామకు అది నచ్చలే. గీత దాటి బాల్ పెడితే ఐదు అంటివి, ఎవడు పెడ్తలేడు, తన్నుడే తన్నుడు, ఇదేం గెలుపు అన్నడు. నేను చెప్పిన, మామా, అవతలోడు తప్పు చేసేదాక ఒత్తుడే వీళ్ల ఆట, కబడ్డీల రెయిడర్‌ను లైను దాక పోనిచ్చి మూలకు దొరకబట్టినట్టు. అదైతే మామకు ఎక్కింది. ఇంకో లొల్లి, పట్టుకొని పడేసినంక ఇడిసిపెట్టాలె అంటే మామ ఒప్పుకోలే. పట్టినంక ఇడుసుడేంది, మేము పండ్లు రాలినా ఇడిసేటోళ్లం కాదు! న్యూజిలాండ్ కెప్టెన్ కేన్ ఎత్తుకు పట్టు పట్టి భుజం తలకు తాకిచ్చిండని రెడ్ కార్డ్ ఇస్తే మాత్రం సరే అన్నడు, తల, మెడ పట్టు మాకు గూడ ఒద్దు అన్నడు. మగోళ్ల రగ్బీ వరల్డ్ కప్పు ఫైనల్‌ల రెడ్ కార్డ్ అదే మొదటిది.

సగం ఆటకు 12-6. ఒంటిగంట దాటింది, గ్రహణం పట్టింది. నేను, బావ డాబా మీదికి పోయినం. చంద్రుడు పూర్తిగ ఏం మునగలే, కింది అంచుకు కొంచెం మసి అంటినట్టు అంతే. కిందికి వస్తుంటే లోపలి అర్రకెళ్లి చెల్లె అడిగింది, "అన్నా, ఎట్లుంది?" నేను ఆట సంగతి చెప్పబోయిన, ఆమె అడిగింది చంద్రుని సంగతి. రెండూ చెప్పిన.

రెండో సగంల మనోళ్లు ఒక్క పాయింట్ గూడ ఏయలే. ఒక్కటంటే ఒక్కటి. కోలిసీకి ఎల్లో కార్డ్, పది నిమిషాలు బయట, న్యూజిలాండ్ మీద మీద పడుతున్నది, ఆరన్ స్మిత్ గీత దాటిండు గని వెనక బాల్ చేయి జారిందని కొట్టేసిన్రు, కొంచెంసేపటికి బోడెన్ బారెట్ మూలకు పెట్టనే పెట్టిండు. ఫైనల్‌ల సౌతాఫ్రికా మీద ఎవరైనా ట్రై ఏసుడు, అంటే గట్ల గీత దాటి బాల్ పెట్టుడు, అదే మొదటిసారి, 1995, 2007, 2019ల ఎవ్వలతోని కాలే. 12-11. ట్రై మీద వచ్చే కిక్కు, కన్వర్షన్, మొంగా తన్నితే పక్కకు పోయింది. ఇగ అక్కడ్నుంచి నేను కూసోలే, గోడకు ఆనుకొని నిలబడ్డ. 7 నంబర్, డు టోయ్, పొడుగు మనిషి, ఎక్కడ చూసినా ఆయనే, ఒకన్ని పడేసి లేచి ఇంకోన్ని. మామ గూడ మెల్లమెల్లగ కుర్చీ టీవీ దగ్గరికి జరుపుకున్నడు. "వీనిది నడుం పట్టు కాదుర, తొడ పట్టు, చూడు భుజం ఎట్ల పెడుతుండో, వీడు పడితే లేపుడు కష్టం" అని తన చేతులతోని బావ కాలు పట్టి చూపిచ్చిండు. ఇరవై ఎనిమిది పట్లు పట్టిండు ఆ రాత్రి, డు టోయ్.

ఇంక ఏడు నిమిషాలు ఉండంగ మన కోల్బేకు ఎల్లో కార్డ్. పాస్‌ను చేతితోని కావాలని కొట్టిండని. ఆయన పోయి కుర్చీల కూసొని జెర్సీ గుంజి మొఖం మీద కప్పుకున్నడు. ఇగ చూడలే. న్యూజిలాండ్ జోర్డీ బారెట్ దూరంకెళ్లి పెనాల్టీ కొట్టిండు, పోతే ఓడినట్టే, బాల్ కుడి దిక్కు పోయింది. నాకు అరుద్దామంటే అత్త జపం. నోట్ల తువ్వాల కుక్కుకున్న. క్వార్టర్స్‌ల ఫ్రాన్స్ మీద 29-28, సెమీస్‌ల 16-15, ఇప్పుడు 12-11, మూడు మ్యాచ్‌లు ఒక్కొక్క పాయింట్, మనిషి పానం ఎన్నిసార్లు పోవాలె? ఆఖరి విజిల్ మాకు ఇనరాలే, అందరు గ్రౌండ్‌లకు ఉరికినప్పుడు అర్థమయ్యింది. మామ లేచి నిలబడి నా ఈపు మీద ఒక్కటి సరిసిండు, ఇప్పటికీ యాది ఉంది ఆ దెబ్బ.

అటిటుగ అదే టైముకు గ్రహణం ఇడిసింది. అత్త తలస్నానం చేసి ఇల్లంతా నీళ్లు చల్లి, గరిక తీసేసి పొయ్యి ముట్టిచ్చింది. ఒకళ్లెనక ఒకళ్లు తానాలు చేసినం. నా ఫోన్ల పోర్ట్ ఎలిజబెత్ ఆయన వాయిస్ మెసేజ్, అందుల మాట ఒక్కటి గూడ అర్థం కాలే, వెనక అందరు పాడుతున్నరు, ఆయన నా పేరు మాత్రం రెండుసార్లు పిలిచిండు. మూడింటికి వేడి అన్నం, పచ్చిపులుసు, సత్తు పొట్లం ఇప్పినం.

చెల్లె బయటికొచ్చి మా పక్కన కూసొని తినుకుంట అడిగింది, అర్ర తలుపు సందుకెళ్లి టీవీ చూసిందట ఆఖర్ల. "అన్నా, ఆ అంగి మొఖం మీద కప్పుకున్నాయన, గెలిచేటప్పుడన్న తీసి చూసిండా?"

అందరు అరిచినంక తీసిండు చెల్లె అన్న.

ఆమె చెయ్యి కడుక్కొని, గోడ పట్టుకొని మెల్లగ డాబా మెట్లు ఎక్కింది, చంద్రున్ని చూడనీకి. బావ వెనకనే చెద్దరు పట్టుకొని ఉరికిండు.