నైరోబీలో గడ్డి నాటిన వారం

2015 జూలై మూడో వారం. మొంబాసా రోడ్డు మధ్య డివైడర్ మీద ఆడవాళ్లు వరుసగా వంగి గడ్డి నాటుతున్నారు. మా ఫ్యాక్టరీ వ్యాను ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఒకామెను దగ్గరగా చూశాను. ఎడమ చేతిలో గడ్డి పిలకల కట్ట. కుడి బొటనవేలితో నల్లమట్టిలో గుంట చేసి, రెండు పిలకలు దిగేసి, పిడికిలితో అదిమి, ముందుకు జరుగుతోంది. అచ్చం మా భీమవరం వైపు వరినాట్లు వేసే చేతులే. నైరోబీలో జూలై అంటే వాన లేని పొడి చలి. శుక్రవారానికల్లా ఆ గడ్డి పచ్చబడదని ఊరంతటికీ తెలుసు, ఫోన్ల నిండా దాని మీద జోకులే. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇంటికి చుట్టం వస్తున్నాడంటే ముందురోజు రాత్రయినా సరే సున్నం వేయించే ఇంట్లో పుట్టినవాణ్ణి.

శుక్రవారం, 24వ తేదీన, ఒబామా వస్తున్నారు. పదవిలో ఉన్న అమెరికా అధ్యక్షుడు కెన్యాలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. నేను నైరోబీకి వచ్చిన ఏడాదే, 2008 నవంబరులో, ఆయన గెలిచారని కెన్యా ప్రభుత్వం జాతీయ సెలవు ప్రకటించింది. ఆ తర్వాత ఆయన 2009లో ఘనాకు వెళ్లారు, 2013లో టాంజానియాకు వచ్చారు. పక్కింటి దాకా వచ్చి మన గడప తొక్కలేదని జనం ఎంత బాధపడ్డారో నేను దగ్గరుండి చూశాను. అప్పటి కెన్యా అధ్యక్షుడు ఉహురు కెన్యాట్టా మీద అంతర్జాతీయ నేర న్యాయస్థానంలో ఉన్న కేసు 2014 డిసెంబరులో వీగిపోయాక గానీ దారి సుగమం కాలేదు.

ఆ సంబరం వెనక ఇంకో సంగతి ఉంది. 2013 సెప్టెంబరులో నైరోబీ వెస్ట్‌గేట్ మాల్ మీద ఉగ్రవాదుల దాడిలో 67 మంది పోయారు. మేముండే పార్క్‌లాండ్స్‌కు ఆ మాల్ దగ్గరే. 2015 ఏప్రిల్‌లో గరిస్సా విశ్వవిద్యాలయం మీద దాడిలో 148 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది చదువుకునే పిల్లలు. ఆ తర్వాత విదేశీ పర్యాటకులు మొహం చాటేశారు. అలాంటి సమయంలో ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ కాపలా మధ్య తిరిగే మనిషి ఈ ఊళ్లో మూడు రోజులుంటానన్నారు. సరిగ్గా అప్పుడే ఒక అమెరికా వార్తా చానల్ ఈ దేశాన్ని ఉగ్రవాదుల నెలవు అన్నట్టు చెప్పింది. మా అకౌంట్స్‌లో పనిచేసే అమ్మాయి ఆ రోజు మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. “మా చావులే కనిపిస్తాయా వీళ్లకు? మేం బతుకుతున్నది కనిపించదా?” అంది.

మా గోడౌన్ చూసే పెద్దాయనది సియాయా జిల్లా. ఒబామా తండ్రి ఊరు కోగెలో అక్కడిదే. ఆయన్ని అందరం మ్జే అని పిలుస్తాం, పెద్దాయనా అన్నట్టు. ఆ వారం లోడు లెక్కలు రాస్తూ నన్నొక మాట అడిగారు. “మీ అబ్బాయి ఇక్కడే పుట్టాడు కదా. వాడిది ఏ ఊరు?”

భీమవరం దగ్గర పల్లె అన్నాను. అనేశాక గొంతు తడబడింది. వాడికి ఆరేళ్లు, ఆ పల్లెను రెండుసార్లే చూశాడు. తెలుగు కన్నా స్వాహిలీ తొందరగా వస్తుంది.

“అంతే. తండ్రి ఊరే బిడ్డ ఊరు. ఎక్కడ పుడితేనేం?” అన్నారు మ్జే. వాళ్లది లువో తెగ. ఎక్కడ కన్ను మూసినా సొంతూరి ఇంటి ఆవరణలోనే మట్టి చేస్తారు. 1959లో చదువు కోసం హవాయి వెళ్లిన ఒబామా తండ్రి 1982లో నైరోబీలో కారు ప్రమాదంలో పోతే, ఆయన సమాధి కూడా కోగెలోలోనే కట్టారు. “వాళ్ల నాన్న అక్కడ పడుకున్నాడు. కొడుకు రాకుండా ఎలా ఉంటాడు?”

ఈసారి కోగెలో వెళ్లే వీలు లేదని అప్పటికే అందరికీ తెలుసు. మ్జే చదవని పత్రిక లేదు, ఆయనకూ తెలుసు. అయినా గురువారం రాత్రి బస్సుకు టికెట్ తీసుకున్నారు. కొత్త తెల్లచొక్కా కొని, కాగితం కూడా విప్పకుండా సంచిలో పెట్టుకున్నారు. ఎందుకు మ్జే, ఇక్కడ ఉంటే కనీసం రోడ్డు మీద కారయినా కనిపిస్తుందేమో కదా అన్నాను. “వచ్చేవాడు వచ్చేసరికి ఇంట్లో మనుషులుండాలి” అన్నారాయన. నేను సెలవుకు వెళ్లినప్పుడల్లా మా నాన్న రెండు రోజుల ముందు నుంచీ పొలానికి కూడా వెళ్లకుండా అరుగు మీదే కూర్చుంటారు.

శుక్రవారం మధ్యాహ్నానికే ఫ్యాక్టరీ మూసేశారు. మొంబాసా రోడ్డు, ఉహురు హైవే మూసేస్తారని తొందరగా ఇంటికి చేరాం. రాత్రి ఎనిమిది దాటాక టీవీలో విమానం దిగింది. అక్క ఔమాను ఆయన కావలించుకున్నప్పుడు మా ఆవిడ కళ్లొత్తుకుంది. ఇంతలో ఫోను మోగింది. మ్జే. వెనక డప్పులు, ఆడవాళ్ల కేకలు, ఒక్క ముక్క వినబడటం లేదు. ఆయన మాత్రం ఒకే మాట పదేపదే అరుస్తున్నారు. “అమెఫికా! అమెఫికా!”

మా అబ్బాయి నా చేతిలోంచి ఫోను లాక్కుని, నాకూ వాళ్లమ్మకూ తెలుగులో చెప్పాడు. “వచ్చేశాడట నాన్నా.”