గేట్ డీఏకి గ్రాఫ్‌లు ఎలా చదివానంటే

గేట్ డేటా సైన్స్, ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ (డీఏ) పేపర్‌కి చదువుతున్న ఫ్రెండ్స్, గ్రాఫ్‌లను (చుక్కలు, వాటిని కలిపే గీతలు) మాత్రం చివరి నెలకి నెట్టేయకండి. 2024లో ఈ పేపర్ మొదలైనప్పటి నుంచీ సిలబస్‌లో పైథాన్ ఉంది, గ్రాఫ్ అంతా తిరిగొచ్చే ట్రావర్సల్, అతి దగ్గరి దారి వెతికే షార్టెస్ట్ పాత్ కూడా ఉన్నాయి. నేను విజయనగరంలో ఇంటి దగ్గరే ఉండి చదువుకున్నాను. ఈ చాప్టర్ మీద భయం పోగొట్టింది నెట్‌వర్క్‌ఎక్స్ అనే పైథాన్ లైబ్రరీ. అది సిలబస్‌లో లేదు. అయినా నేర్చుకోమనే చెప్తాను.

మన రైలు దారినే గ్రాఫ్‌గా వేయండి. ఒక్కో స్టేషన్ ఒక వెర్టెక్స్ (చుక్క), రెండు స్టేషన్లని కలిపే దారి ఒక ఎడ్జ్ (గీత). విశాఖ వైపు వెళ్లే దిశ ఒక్కటే తీసుకుని, మధ్యలో చిన్న స్టేషన్లు వదిలేయండి. పలాస నుంచి ఆమదాలవలసకి ఒక ఎడ్జ్, అక్కణ్ణుంచి విజయనగరానికి ఒకటి, బొబ్బిలి నుంచి విజయనగరానికి మరొకటి, విజయనగరం నుంచి విశాఖకి ఇంకొకటి. మొత్తం నాలుగు.

ఇప్పుడు దీన్ని నెట్‌వర్క్‌ఎక్స్‌లో డైగ్రాఫ్‌గా (ఎడ్జ్‌లకి దిశ ఉండే గ్రాఫ్‌గా) రాసి, 'ఎడ్జెస్'కి విజయనగరం పేరిచ్చి చూడండి. విశాఖకి వెళ్లేది ఒక్కటే వస్తుంది. డైగ్రాఫ్‌లో 'ఎడ్జెస్' అన్నా 'అవుట్ ఎడ్జెస్' అన్నా ఒకటే, బయటికి వెళ్లేవే ఇస్తుంది. ఆమదాలవలస, బొబ్బిలి నుంచి వచ్చేవి కావాలంటే 'ఇన్ ఎడ్జెస్' అనే అడగాలి. ఇన్‌డిగ్రీ (లోపలికి వచ్చేవి) 2, అవుట్‌డిగ్రీ (బయటికి వెళ్లేవి) 1 అని కళ్లముందే తేలిపోతుంది. రెండూ కలిపి అన్ని ఎడ్జ్‌లూ తీసేటప్పుడు సెల్ఫ్ లూప్ (తన నుంచి తనకే వెళ్లే ఎడ్జ్) ఉంటే అది రెండుసార్లు వస్తుంది, జాగ్రత్త.

అసలు మార్కులు తెచ్చేది దీని వెనక ఉన్న లెక్క. అడ్జసెన్సీ లిస్ట్‌లో (ఒక్కో వెర్టెక్స్‌కి దానితో కలిసేవాటి జాబితాలో) బయటికి వెళ్లే ఎడ్జ్‌లు మాత్రమే రాసి ఉంటే, ఒక వెర్టెక్స్‌కి వచ్చేవి వెతకడానికి అన్ని వెర్టెక్స్‌ల లిస్టులూ తిరగేయాలి. అంటే వీ ప్లస్ ఈ టైమ్ (వీ అంటే వెర్టెక్స్‌ల సంఖ్య, ఈ అంటే ఎడ్జ్‌ల సంఖ్య). మ్యాట్రిక్స్ (ఏ వెర్టెక్స్ నుంచి దేనికి ఎడ్జ్ ఉందో చూపే పట్టిక) అయితే ఒక కాలమ్ చూస్తే చాలు, వీ టైమ్. నెట్‌వర్క్‌ఎక్స్ సక్సెసర్లకి (ఎడ్జ్ వెళ్లే వెర్టెక్స్‌లకి) ఒక పైథాన్ డిక్షనరీ (పేరుకి విలువ జతచేసే పట్టిక), ప్రిడిసెసర్లకి (ఎడ్జ్ వచ్చే వెర్టెక్స్‌లకి) ఇంకొకటి విడిగా ఉంచుకుంటుంది. మెమరీ ఎక్కువ పడుతుంది, కానీ వెతకాల్సిన పని లేదు. ఇది అర్థమైన రోజు నుంచి కాంప్లెక్సిటీ (ఎంత టైమ్, మెమరీ పడుతుందనే) ప్రశ్నలంటే నాకు టెన్షన్ పోయింది. బట్టీ పట్టాల్సిన అవసరమే రాలేదు.

ఇన్‌డిగ్రీల మొత్తం, అవుట్‌డిగ్రీల మొత్తం, ఎడ్జ్‌ల సంఖ్య మూడూ సమానం. న్యూమరికల్ ప్రశ్నలకి నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఈ ఒక్క సూత్రంతో ధైర్యంగా జవాబు రాయొచ్చు.

లైబ్రరీ అలవాటయ్యాక దాన్ని పక్కన పెట్టి, మామూలు డిక్షనరీతో గ్రాఫ్‌ని తిరగేసే (ప్రతి ఎడ్జ్ దిశనీ తిప్పేసే) ఫంక్షన్ మీరే రాయండి. తిరగేసిన గ్రాఫ్‌లో విజయనగరం నుంచి బయటికి వెళ్లేవి ఆమదాలవలస, బొబ్బిలి వైపే ఉండాలి. 'ఇన్ ఎడ్జెస్' ఇచ్చిన జవాబుతో పోల్చి సరిచూసుకోండి.