గ్వాదలహారా బస్సులో ‘ఇంజనీరు గారు’

డల్లాస్ నుంచి మెక్సికో సిటీకి విమానం చవగ్గానే దొరికింది, అక్కణ్ణుంచి గ్వాదలహారాకి రేటు చూస్తేనే కళ్లు తిరిగాయి. అమెరికా వీసా ఉంటే మనవాళ్లకి మెక్సికో వీసా అక్కర్లేదు, అదొక్కటే కలిసొచ్చింది. సరే అని సెంత్రల్ దెల్ నోర్తే బస్టాండులో బస్సెక్కాను. బస్సుకీ వెయ్యి పెసోల పైనే గుంజారు. దానికి వెనక్కి వాలే పెద్ద సీటు, ఎక్కుతుంటే చేతికిచ్చిన ఒక శాండ్‌విచ్, పళ్లు టకటకలాడించే ఏసీ. దాదాపు ఏడు గంటలు.

మర్నాడు క్లయింట్ ఆఫీసులో మీటింగ్. సాఫ్ట్‌వేర్, ఎలక్ట్రానిక్స్ కంపెనీలు బోలెడున్న ఊరు, ఇంగ్లిష్‌తో నడిచిపోతుంది. కానీ పరిచయం మాత్రం స్పానిష్‌లోనే చేసుకోవాలని మా మేనేజర్ హుకుం. ఆ టెన్షన్‌లో ఫోన్‌లో యాప్ పెట్టుకుని గొణుక్కుంటున్నా: ‘యో సోయ్ ఉన్ ఇన్‌హెన్యేరో...’

పక్క సీటు పెద్దాయన కాసేపు ఓపిక పట్టి, ఇక ఆగలేక కళ్లజోడు తీసి నావైపు తిరిగాడు. రోడ్లూ వంతెనలూ కట్టి రిటైరైన సివిల్ ఇంజనీరట. ఇంగ్లిష్ కొంచెం వచ్చు. ఆ ‘యో’ ఎందుకు, ‘ఉన్’ ఎందుకు అని రెండూ పీకేశాడు. ‘సోయ్ ఇన్‌హెన్యేరో’, అంతే! నిజమే, మనం మాత్రం ‘నేను ఒక ఇంజనీర్ని’ అంటామా? నా త, ద లు బాగున్నాయని మెచ్చుకున్నాడు, అమెరికన్ల నోట్లో అవి ట, డ అయిపోతాయట. యాప్‌లో కంపెనీ పేరు ముందుంది, ఆయన దాన్ని చివరికి తోసేశాడు. ముందు ‘బ్వెనోస్ దియాస్’, తర్వాత పేరు, చదువు, ఆఖర్న ‘మూచో గుస్తో, ఆ సుస్ ఓర్దెనెస్’, అంటే సంతోషం, తమ సేవలో అని. ఇదంతా కూర్చుని కాదు, గదిలో ఉన్న ప్రతి ఒక్కరి దగ్గరికీ వెళ్లి, చెయ్యి కలిపి, కళ్లలోకి చూసి. నా చెయ్యి మెత్తగా ఉందని టోల్‌గేటు వచ్చినప్పుడల్లా మళ్లీ కలిపించాడు. ఆ దారిలో టోల్‌గేట్లకి కొదవ లేదు.

అసలు సంగతి తర్వాత చెప్పాడు. అక్కడ ఇంజనీరుని పేరు పెట్టి పిలవడం కంటే ‘ఇన్‌హెన్యేరో’ అనడమే మర్యాదట, చనువుంటే ‘ఇన్‌హె’. లా లాంటి డిగ్రీలు చేసినవాళ్లు ‘లిసెన్సియాదో’, ఆర్కిటెక్టు ‘అర్కి’.

వింటుంటే నాన్న గుర్తొచ్చారు. ఇరిగేషన్‌లో పనిచేసినన్నాళ్లూ ఊళ్లో ఆయన పేరు సగంమందికి తెలీదు, గేటు ముందు సైకిలాపి ‘ఏఈ గారున్నారా’ అనే అడిగేవారు. నా దగ్గరికొచ్చేసరికి అమీర్‌పేటలో రాయి విసిరితే ఇంజనీరుకే తగులుతుంది, ఇక గారు అనేదెవరు? బీటెక్ చేసి, అంత ఫీజు కట్టి, ఇన్నేళ్లలో ఒక్కడంటే ఒక్కడు నన్ను ఇంజనీరు గారూ అని పిలవలేదు.

మర్నాడు క్లయింట్ గేటు దగ్గర ఫారం ఇచ్చారు. తండ్రి వైపు ఇంటిపేరుకి ఒక గడి, తల్లి వైపుదానికి ఇంకో గడి. పెళ్లయ్యాక అమ్మ ఎక్కడా రాసుకోని పుట్టింటి పేరు అక్కడ నింపుతుంటే ఎందుకో హుషారొచ్చింది. ఫారం చదివిన గార్డు తలుపు తీసి ‘పాసెలె, ఇన్‌హె’ అన్నాడు. ఇక చూడండి నా నడక! లోపల ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి చెయ్యి కలిపి నేర్చుకున్నదంతా అప్పజెప్పా, తర్వాత స్లైడ్లన్నీ ఇంగ్లిష్‌లోనే.

మధ్యాహ్నం ఆ ఛాతీ దించకుండానే వీధి చివర తోర్తా అహోగాదా బండి దగ్గర నిలబడ్డా. పంది మాంసం కూరిన రొట్టెని ఎర్రటి పులుసులో ముంచి ఇస్తారు, కారం మనవాళ్లకీ గట్టిగానే తగులుతుంది. బండాయన తలెత్తి ‘గ్వేరో, ఏం పెట్టను?’ అన్నాడు. గ్వేరో అంటే తెల్లగా ఉన్నవాడని. గిరాకీ ఎవరొచ్చినా అలాగే పిలుస్తారట. నా రంగుకి ఆ మాట మా అమ్మమ్మ కూడా ఎప్పుడూ అనలేదు.