ఒక్క అక్షరం కోసం ఆరు నెలలు

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ వైద్య కళాశాల, ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రి కలిసి 2025 మే నెలలో ప్రకటించిన ఒక చికిత్స వివరాలను నేను మూడుసార్లు చదివాను. సీపీఎస్1 అనే ఎంజైమ్ లోపంతో పుట్టిన ఒక పసికందుకు, మాంసకృత్తులు అరిగినప్పుడు వెలువడే అమ్మోనియాను యూరియాగా మార్చే శక్తి కాలేయానికి లేదు. ఆ అమ్మోనియా రక్తంలో పేరుకుంటే మెదడు దెబ్బతింటుంది. అంటే, ఒంటికి పట్టవలసిన పాలే ఆ బిడ్డకు విషమవుతాయి.

డాక్టర్ కిరణ్ ముసునూరు, డాక్టర్ రెబెక్కా ఆరెన్స్-నిక్లాస్ల బృందం, ఆ బిడ్డ జన్యువులోని రసాయన అక్షరాల్లో తప్పిన ఒకే ఒక్క అక్షరాన్ని సరిదిద్దే మందును (ఈ పద్ధతినే బేస్ ఎడిటింగ్ అంటారు), ఆ బిడ్డ ఒక్కడి కోసమే, సుమారు ఆరు నెలల్లో తయారు చేసింది. నానో కణాలనే అతి సూక్ష్మమైన కొవ్వు రేణువులలో పొదిగిన ఆ మందు సెలైన్‌లా నరంలోకి ఎక్కి నేరుగా కాలేయానికి చేరుతుంది. ఫిబ్రవరిలో తొలి మోతాదు ఇచ్చారు. ఆ తరువాత మరో రెండు.

తొలి మోతాదు తరువాతి ఏడు వారాల్లో ఆహారంలో మాంసకృత్తులు పెంచగలిగారు, అమ్మోనియాను అదుపు చేసే మందును సగానికి తగ్గించగలిగారు. నన్ను ఎక్కువగా కదిలించినది వేరే విషయం: మామూలు వైరస్ జ్వరమే ప్రాణం మీదికి తెచ్చే ఆ బిడ్డ, ఆ వారాల్లోనే వైరస్ జబ్బులను తట్టుకున్నాడు. ఇది నయమైపోవడం కాదని, దీర్ఘకాలం గమనించాలని వైద్యులే స్పష్టంగా చెప్పారు.