ఎనిమిది వందల పదహారు బై ఎనిమిది: నా అనుభవం

మా ఉన్నత పాఠశాలలో ఎనిమిది, తొమ్మిది తరగతులు చదువుతూ కూడా చదవడం, లెక్కలు చేయడం రాని పిల్లల బాధ్యత ఈ ఏడాది నాకు అప్పగించారు. చివరి పరీక్ష మార్కులు నిన్ననే అప్‌లోడ్ చేశాను. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

ముందుగా ఎవరికి ఏం వచ్చో తెలుసుకోవాలి. దానికి రాత పరీక్ష పెట్టకండి. నల్లబల్ల మీద ఉన్నది ముత్యాల్లాంటి అక్షరాలతో దించేసి, అందులో ఒక్క ముక్క చదవలేని వాళ్లు నా తరగతిలోనే ఉన్నారు. పక్కకు పిలిచి ఒక్కొక్కరి చేతా పైకి చదివించాలి. పని తొందరగానే అయిపోతుంది, కాకపోతే ఆ రాత్రి నిద్ర పట్టదు. ఇది మా ఊరికే పట్టిన తెగులు కాదు. చదువుల మీద పనిచేసే ప్రథమ్ స్వచ్ఛంద సంస్థ 2023లో 28 గ్రామీణ జిల్లాల్లో 14–18 ఏళ్ల వారిపై చేసిన అసర్ సర్వేలో దాదాపు నాలుగో వంతు మంది తమ భాషలో రెండో తరగతి పాఠం ధారాళంగా చదవలేకపోయారు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగిన వాళ్లు 43.3 శాతమే. 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యం మూడో తరగతి ముగిసేలోపు పిల్లలకు చదవడం, ప్రాథమిక లెక్కలు రావాలని. మంచిదే. ఆ వయసు ఎప్పుడో దాటిపోయిన వాళ్లు మాత్రం నాలాంటి వాళ్ల వాటాకు వచ్చారు.

పీరియడ్ అడిగితే ఆటల పీరియడ్ తీసుకోమన్నారు. ఒప్పుకోలేదు. ఆ పిల్లలు బడికి వచ్చేదే దాని కోసం. గొడవపడి మధ్యాహ్న భోజనం తరువాతి పీరియడ్ సంపాదించాను.

పుస్తకాల పేరుతో ఒకటో తరగతి బొమ్మల పుస్తకాలు పంపారు. నూనూగు మీసాలు వస్తున్న పిల్లలు వాటిని సైన్సు పుస్తకంలో దాచుకుని తెరిచేవారు. ఆ పుస్తకాలను పక్కన పెట్టి, ఇళ్లలో పడి ఉన్న పెళ్లి శుభలేఖలు తెమ్మన్నాను. వత్తులు నేర్పడానికి అంతకు మించిన వాచకం లేదు: జ్యేష్ఠ పుత్రుడు, ద్వితీయ పుత్రిక, శుభముహూర్తం, బంధుమిత్ర సపరివారంగా. తమ వాళ్ల పేర్లు అచ్చులో కనబడితే కూడబలుక్కుని అయినా చదువుతారు. ఈ ఉపాయం నాదే, ఎవరూ చెప్పలేదు.

ఇక భాగహారం. ఒకరోజు తనిఖీకి ఒక అధికారి వచ్చారు. వెనక బెంచీ అబ్బాయిని లేపి 816ని 8తో భాగించమన్నారు. వాడు చకచకా చేసి 12 అని రాశాడు. ఆయన వాడినేమీ అనలేదు. నా వైపు తిరిగి, "టీచర్ గారూ, మీ జీతాన్ని కూడా వీడి చేతే భాగించమందామా? ప్రభుత్వానికి బోలెడు ఆదా" అన్నారు. పిల్లలు ఘొల్లున నవ్వారు. ఆయన రిజిస్టరులో సంతకం చేసి వెళ్లిపోయారు. ఆ లెక్క ఎక్కడ తప్పిందో చెప్పే ఓపిక మాత్రం ఆయనకు లేకపోయింది.

ఆయన వెళ్లాక వాడిని కూర్చోబెట్టి, ఎలా చేశావో చెప్పమన్నాను. ఎనిమిదో ఎక్కం తడుముకోకుండా అప్పజెప్పాడు. "ఎనిమిదిలో ఎనిమిది ఒకసారి పోయింది. ఒకటి దించాను, పోలేదు. ఆరు దించాను, పదహారైంది, రెండుసార్లు పోయింది." మరి ఒకటి దించినప్పుడు పైన ఏం రాయాలి? "పోనప్పుడు ఏమీ రాయకూడదు కదా టీచర్!" ఆ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేదు. వాడి తర్కంలో లోపం లేదు. దించు, తీసివేయి, మళ్లీ దించు అని ఏళ్ల తరబడి తంతు నేర్పారు తప్ప, ఆ మొదటి 8 అంటే ఎనిమిది వందలని వాడికి ఎవరూ చెప్పలేదు.

మరునాడు కాగితం నోట్లు చేయించాను. వందలు ఎనిమిది, పది ఒకటి, రూపాయలు ఆరు. ఎనిమిది మందిని నిలబెట్టి పంచమన్నాను. వందలు తలా ఒకటి వచ్చాయి. పది నోటు దగ్గర వాడు ఆగిపోయాడు. ఎవరికీ ఇవ్వలేడు. చిల్లర మార్చుకోమన్నాను. పదహారు రూపాయలయ్యాయి, తలా రెండు. ఇప్పుడు ఒక్కొక్కరి చేతిలో ఎంతుందని అడిగితే, "నూట రెండు" అని, తన నోటుబుక్కులోని 12 వైపు చూశాడు. ఎనిమిది పన్నెండ్లు తొంభై ఆరే కదా, మిగతా 720 ఎవరు మింగారు అని వెనక నుంచి ఒక అమ్మాయి అడిగింది. పొదుపు సంఘం లెక్కలు చూసే తల్లికి కూతురు మరి! ఒక్క పది నోటు కూడా ఎవరికీ రాలేదు కాబట్టి పదుల చోట సున్నా పెట్టాలని ఆ రోజు వాళ్లే తేల్చారు.

ఇది చేయడానికి ఏ శిక్షణ శిబిరమూ అక్కర్లేదు. గైడులు అంతకన్నా అక్కర్లేదు. జవాబు తప్పయినప్పుడు ఎలా చేశావని అడగండి, చాలు.

చివరి పరీక్షలో కొందరు ఇంకా వత్తుల దగ్గరే తడబడ్డారు. వచ్చే ఏడాది కూడా ఈ పీరియడ్ ఇవ్వమని లేఖ పెట్టాను, జవాబు రాలేదు. భాగహారం మాత్రం ఎక్కువ మందికి వచ్చింది. అధికారి గారు మళ్లీ వస్తే 816 కాదు, 3024ని 3తో భాగించమని అదే అబ్బాయికి ఇవ్వండి. రెండు సున్నాలూ పెట్టి 1008 రాస్తాడు.