ఏ పల్లి? మళ్లీ చెప్పండి

నల్లమల అంచున ఉన్న ఒక స్టేషన్‌లో కానిస్టేబుల్‌గా చేరిన మొదటి వారమే నన్ను పెట్రోలింగ్ వాహనం ఎక్కించారు. కవాతు, లాఠీ, తుపాకీ అన్నీ నేర్చుకుని వచ్చిన నాకు డాష్‌బోర్డు పక్కన వేలాడే మైకు పట్టుకోగానే నోరు పెగల్లేదు. మావాళ్లు దాన్ని వైర్‌లెస్ అనడం తక్కువ. అందరికీ అది ‘సెట్’. సెట్‌లో పిలుస్తున్నారు, సెట్‌లో చెప్పారు, పొద్దున్నే పై అధికారులు అన్ని స్టేషన్లతో మాట్లాడితే సెట్ కాన్ఫరెన్స్.

శ్రీశైలం రహదారిపై వటవర్లపల్లి దగ్గర ఒక లారీ రోడ్డు దిగి ఒరిగిపోయింది. బటన్ నొక్కుతూనే గడగడా చెప్పేశాను. ‘‘ఏ పల్లి? మళ్లీ చెప్పండి’’ అంది కంట్రోల్ రూమ్. ఇంకాస్త గట్టిగా అరిచాను. మళ్లీ అదే ప్రశ్న. హెడ్ కానిస్టేబుల్ నా చేతిలోని మైకు తీసుకుని, బటన్ నొక్కి, ఒక క్షణం ఊరుకుని, తర్వాత తాపీగా ఊరి పేరు పలికారు. వెంటనే ‘రోజర్’ వచ్చింది, అంటే మాట అందిందని. మా వైపు ‘పల్లి’, ‘పేట’ తగిలించుకోని ఊళ్లు తక్కువ. పేరులో ముందు సగం ఎగిరిపోతే, మిగిలిన సగం ఏ ఊరికైనా సరిపోతుంది.

అది ఎందుకు ఎగిరిపోతుందో ఆయనే విడమరిచి చెప్పారు. మన మాట నేరుగా కంట్రోల్‌కు వెళ్లదు. గుట్ట మీది టవర్‌కు రిపీటర్ ఉంటుంది. మన సెట్ ఒక ఫ్రీక్వెన్సీలో పంపిన మాటను అది అందుకుని, అదే సమయంలో మరో ఫ్రీక్వెన్సీలో బయటికి వదులుతుంది. కంట్రోల్ అయినా, మిగతా వాహనాలైనా వినేది ఆ రెండోదాన్నే. మా సెట్లు వాడే వీహెచ్‌ఎఫ్ రేడియో తరంగాలు దాదాపు చూపు సాగినంత మేరే సాగుతాయి, కొండ అడ్డొస్తే చాలావరకు ఆగిపోతాయి. అందుకే అంత ఎత్తున దాన్ని కూర్చోబెట్టారు. అయితే మన సిగ్నల్‌ను గుర్తించి అది మేల్కోవడానికి రెప్పపాటు పడుతుంది. ఆ లోపు పలికిన అక్షరాలు అడవి కాచిన వెన్నెలే.

ఫోనులో మాదిరి ఇద్దరూ ఒకేసారి మాట్లాడుకోవడం ఇక్కడ కుదరదు. బటన్ నొక్కినంతసేపూ మనకు ఏమీ వినబడదు. ఇద్దరు ఒకేసారి నొక్కితే బలమైన సిగ్నల్ నెగ్గుతుంది, లేదా రెండూ కలగాపులగమవుతాయి. ఓడినవాడు మాత్రం చెప్పేశాననుకుని హాయిగా మైకు పెట్టేస్తాడు. కంట్రోల్ తిరిగి చదివి, సమయం వేసి పుస్తకంలో రాసుకునేదాకా మనం చెప్పినట్టు లెక్క కాదు.

అంకెలతో ఇంకో తంటా. బరబర మోతలో ఇరవైకీ అరవైకీ తేడా తెలియదు. అందుకని రెండు సున్నా, ఆరు సున్నా అని విడివిడిగా చదవాలి. అక్షరాలకైతే పొరబడకుండా ఒక్కోదానికి ఒక్కో మాట ఉంటుంది. బండి నంబర్లలో ‘టీఎస్’ను ‘టాంగో సియెర్రా’ అనడం నాలుకకు అలవాటయ్యేసరికి, 2024 మార్చిలో ‘టీజీ’ వచ్చింది. ఇక ‘టాంగో గోల్ఫ్’. పాత బండ్లు, కొత్త బండ్లు కలిసి తిరుగుతుంటే నా నాలుక ఎన్నిసార్లు జారిందో లెక్కలేదు.

ఇక నా పరువు పోయిన రోజు సంగతి. రాత్రి తొమ్మిదికి అడవి దారిలోని మన్ననూరు చెక్‌పోస్టు గేటు మూసేశాక తిరిగి వస్తున్నాం. వెనక సీట్లో పెట్టిన సీతాఫలాల బుట్ట ముందుకు జరిగి, సీటు మీద పడేసిన మైకు బటన్ మీద కూర్చుంది. బుట్టకు ఎంత ఇచ్చామన్న దానిమీద నాకూ డ్రైవర్‌కూ పెద్ద వాదన. అదంతా అన్ని స్టేషన్లకూ వినబడుతోంది, మాకు మాత్రం ఎవరి కేకా వినబడదు. ఎవరైనా మరీ ఎక్కువసేపు బటన్ వదలకపోతే రిపీటర్ తనంతట తానే ఆ మాటను తెంచేస్తుంది. కానీ మా రోడ్డు గుంతల పుణ్యమా అని బుట్ట ఎగిరినప్పుడల్లా బటన్ లేచేది, మళ్లీ పడేది, రిపీటర్ లెక్క మొదటికొచ్చేది. చివరికి డ్రైవర్ ఫోనుకు కంట్రోల్ నుంచే పిలుపు. ‘‘పండ్ల ధర తేలిందా?’’ అని అడిగారు. వారం రోజులు నన్ను ఎవరూ పేరుతో పిలవలేదు.

నిజంగా సెట్ నేర్చుకున్నది మాత్రం సలేశ్వరం జాతరలో. చైత్ర పౌర్ణమికి జనం అడవిలో నడిచి లోతైన లోయలోకి దిగుతారు. కింద మావాళ్ల చేతి సెట్ల మాట గుట్ట మీది రిపీటర్‌కు అందదు. అందుకని నన్ను లోయ అంచున నిలబెట్టి రెండు సెట్లు ఇచ్చారు. ఒకటి సింప్లెక్స్, అంటే రిపీటర్ లేకుండా సెట్టు నుంచి సెట్టుకు నేరుగా, లోయలోని వాళ్ల కోసం. రెండోది రిపీటర్ చానెల్. కింద విన్నది పైకి, పైన విన్నది కిందికి. సొంత మాట ఒక్కటీ కలపకూడదు.

మధ్యాహ్నం కింది నుంచి వచ్చింది: ఆరేళ్ల బాబు తప్పిపోయాడు, పసుపు చొక్కా, ఒక కాలికే చెప్పు. రెండో సెట్ బటన్ నొక్కి, నేర్చుకున్నట్టే ఒక క్షణం ఆగాను. ఆ క్షణంలోనే నా పక్కనుంచి దిగుతున్న గుంపు ‘‘వస్తున్నాం లింగమయ్యా!’’ అని ఒక్క గొంతుతో అరిచింది. తర్వాత నేను బాబు ఆనవాళ్లు చెప్పి బటన్ వదిలాను.

‘‘లింగమయ్యకు రోజర్. బాబు వివరాలు కూడా రోజర్’’ అంది కంట్రోల్. ఆ వెంటే పార్కింగ్ దగ్గరున్న వాహనం అందుకుంది: ‘‘ఆ బాబు మా బండిలోనే ఉన్నాడు సార్. రెండో చెప్పు కావాలని ఏడుస్తున్నాడు.’’

మొదటి సెట్ తీసి ఆ మాటలే కిందికి చెప్పాను, చెప్పు సంగతితో సహా.