పాత జిప్సీ ఓడెక్కాలంటే

విదేశానికి మకాం మారుస్తూ పాత మారుతి జిప్సీనో మహీంద్రా జీపునో వెంట తీసుకుపోదామనుకునేవాళ్లు సాధారణంగా ముందు ఇంజన్ పని పెట్టుకుంటారు. ఆ డబ్బు ఆపి, ఆర్సీలో తయారైన నెల, సంవత్సరం చూడండి. బండి ఏ దేశంలో దిగగలదో తేల్చేది అదే.

గల్ఫ్‌కైతే ఆశ వదులుకోవచ్చు. సౌదీలో ఐదేళ్లు దాటిన కారును దించనివ్వరు, కుడివైపు స్టీరింగ్ అసలే కుదరదు. బండిని తమ్ముడికి అప్పగించి విమానం ఎక్కడమే మేలు. అమెరికాకు 25 ఏళ్లు, కెనడాకు 15 ఏళ్లు నిండితే అక్కడి భద్రతా ప్రమాణాల గొడవ తప్పుతుంది. బ్రిటన్‌లో పదేళ్లు దాటిన బండికి ఐవీఏ (ఒక్కో బండిని విడిగా చూసి ఆమోదించే) పరీక్ష ఉండదు, ఎంఓటీ (అక్కడి ఫిట్‌నెస్ పరీక్ష) పాసైతే చాలు. పైగా బ్రిటన్ బయట 12 నెలలు నివాసం, బండి 6 నెలలు మీ పేరున ఉండి మీ వాడకంలో ఉంటే, టీఓఆర్ (నివాసం మార్పు) దరఖాస్తుతో సుంకం, వ్యాట్ మినహాయింపు వస్తుంది. ఆ తర్వాత 12 నెలలు బండిని అమ్మకూడదు, అరువివ్వకూడదు. ఆస్ట్రేలియాకు దిగుమతి అనుమతి చేతికి వచ్చాకే బండి ఓడెక్కాలి.

అమెరికా లెక్కలో 25 ఏళ్లూ తయారైన నెల నుంచి మొదలవుతాయి, రిజిస్ట్రేషన్ నుంచి కాదు. మిలిటరీ వేలంలో కొన్న జీపులకు చిక్కు ఇక్కడే. సైన్యంలో ఉన్నన్నాళ్లూ వాటికి ఆర్టీఓ నంబరు ఉండదు కాబట్టి, రిజిస్ట్రేషన్ తేదీ చూస్తే బండి అసలు వయసు కంటే చిన్నదిగా కనిపిస్తుంది. ఛాసిస్ నంబరు ఇచ్చి తయారీ కంపెనీ నుంచి తయారీ తేదీ లెటరు తెప్పించుకోండి. పెట్రోలు జీపులో డీజిల్ ఇంజన్ దించి ఆర్సీలో ఎక్కించని బండ్లు మన వైపు బోలెడు. కస్టమ్స్ వాళ్లు ఇంజన్ మీది నంబరు కూడా ఆర్సీతో సరిచూస్తారు, కాబట్టి ముందు ఆర్టీఓ ఆఫీసులో ఆ మార్పు ఎక్కించాలి. ఫైనాన్స్ తీరినా ఆర్సీలో బ్యాంకు పేరు అలాగే ఉంటే ఫారం 35తో తీయించాలి. 15 ఏళ్లు దాటిన సొంత బండికి ఐదేళ్లకోసారి చేయించే రెన్యువల్ కూడా బతికి ఉండాలి.

ఇక అసలు శత్రువు బురద. ఆస్ట్రేలియా బయోసెక్యూరిటీ వాళ్లు (బయటి తెగుళ్లు, కలుపు గింజలు దేశంలోకి రాకుండా చూసేవాళ్లు) టార్చి పట్టుకుని బండి కిందికి దూరతారు. పిడికెడు మట్టి, నాలుగు గడ్డి గింజలు దొరికినా అక్కడే మళ్లీ కడిగిస్తారు, ఆ బిల్లు మీదే. సీతంపేట కొండదారుల్లో తిరిగిన బండికి ఎర్రమట్టి ఛాసిస్ లోపలికి కూడా ఎక్కి ఉంటుంది. సర్వీస్ స్టేషన్లో పైపైన నీళ్లు కొడితే పోదు. చక్రాలు, మడ్‌గార్డు లైనర్లు, సీట్లు, కార్పెట్ అన్నీ విప్పాలి. కమాన్ పట్టీల సందులు, రేడియేటర్ రెక్కలు, వైపర్ కింది గాడి, స్టెప్నీ వెనక, బ్రేకు డ్రమ్ముల లోపల, వించ్ ఉంటే దాని తాడు చుట్టలు, ఒక్కటీ వదలొద్దు. ఛాసిస్ రంధ్రాల్లోకి సన్నటి పైపు పెట్టి, బయటికి తేటనీళ్లు వచ్చేదాకా కొట్టాలి. కడిగాక అందంగా ఉంటుందని కింద నల్లకోటింగ్ వేయించకండి. మట్టిని కప్పిపుచ్చారేమోనన్న అనుమానం వాళ్లకు వస్తుంది.

శ్రీకాకుళంలో కడిగించి వైజాగ్ దాకా నడుపుకొస్తే 100 కిలోమీటర్ల పైచిలుకు హైవే దుమ్ము మళ్లీ అంటుకుంటుంది. విజయనగరం నుంచైనా సుమారు 60 కిలోమీటర్లు. లారీ మీద ఎక్కించి పంపి, చివరి కడుగుడు కంటైనర్‌లోకి ఎక్కించే చోటికి దగ్గర్లో చేయించడం మంచిది.

కళింగపట్నం ఇసుకలో తిరిగిన బండికి తుప్పు కూడా చూసుకోవాలి. ఎంఓటీలో సీటుబెల్టు, సస్పెన్షన్ బిగింపుల చుట్టూ 30 సెంటీమీటర్ల లోపు బలహీనపరిచే తుప్పు ఉంటే ఫెయిలే. ఛాసిస్ వెల్డింగ్‌కి సాలూరు లారీ షెడ్లలో మంచి చేతులున్నాయి. అతుకు చుట్టూ వెల్డింగ్ తెగకుండా తిరగాలని మాత్రం ముందే చెప్పండి. చుక్కలు పెట్టి వదిలేస్తే అక్కడ ఒప్పుకోరు.

చాలామందికి తట్టనిది ఆస్‌బెస్టాస్ (రాతినార). ఆస్ట్రేలియాలో 2003 డిసెంబరు 31 నుంచి పూర్తి నిషేధం, కారులోని చిన్న ప్యాకింగ్‌కి కూడా వర్తిస్తుంది. పాత బండిలో బ్రేకు లైనర్లు, క్లచ్ ప్లేటు, హెడ్ ప్యాకింగ్, సైలెన్సర్ మానిఫోల్డ్ ప్యాకింగ్ అనుమానితాలు. వాటిని ఆస్‌బెస్టాస్ లేని రకంతో మార్చి, బిల్లులు, మార్చేటప్పటి ఫొటోలు దాచండి. షాపువాడి మాట సరిపోదు, ల్యాబ్ పరీక్ష అడగవచ్చు.

20 అడుగుల కంటైనర్ లోపల 5.9 మీటర్ల పొడవు, 2.35 మీటర్ల వెడల్పు, తలుపు ఎత్తు 2.28 మీటర్లు. జిప్సీ 4 మీటర్ల పొడవు, 1.54 మీటర్ల వెడల్పు, హాయిగా పడుతుంది. పెద్ద టైర్లు, పైన క్యారియర్ ఉంటే ఎత్తు ముందే కొలిచి క్యారియర్ విప్పేయండి. పక్కన 40 సెంటీమీటర్లే మిగులుతుంది కాబట్టి నడిపేవాడు సన్నగా ఉండాలి, లేదా వెనక తలుపు నుంచి దిగాలి. లాషింగ్ బెల్టులు యాక్సిల్‌కి నాలుగు వైపులా అడ్డంగా కట్టాలి. ఛాసిస్‌కి కడితే ఓడ ఊగినప్పుడల్లా కమాన్లు అణిగి లేస్తూ బెల్టు వదులవుతుంది. చక్రాల కింద మనవాళ్లు పెట్టే సరుగుడు, మామిడి దిమ్మలు పనికిరావు. వేడితో శుద్ధి చేసి ఐఎస్‌పీఎం 15 (చెక్క ప్యాకింగ్‌కి అంతర్జాతీయ ప్రమాణం) ముద్ర వేసిన చెక్కే వాడాలి. వరిగడ్డి, వాడిన గోనె సంచులు అసలు లోపలికి రానివ్వొద్దు. డీజిలైనా పెట్రోలైనా పావు ట్యాంకుకు మించి ఉంచకండి, బ్యాటరీ తీగలు విప్పి టేపు చుట్టండి.

హెడ్‌లైట్లు బ్రిటన్, ఆస్ట్రేలియాలకు అలాగే సరిపోతాయి. అమెరికాలో కుడివైపు నడక కాబట్టి డిమ్ వెలుగు ఎదుటివాడి కళ్లలో పడుతుంది. 7 అంగుళాల గుండ్రటి లైటు కాబట్టి అక్కడే మార్చుకోవడం తేలిక. బ్రిటన్‌కైతే వెనక ఫాగ్ ల్యాంపు తప్పనిసరి, స్పీడోమీటర్‌లో మైళ్లు ఉండాలి.

జిప్సీ బంధువులే ఆస్ట్రేలియాలో సియెర్రా, బ్రిటన్‌లో ఎస్‌జే, అమెరికాలో సమురాయ్. తర్వాతి జిప్సీల్లోని జీ13 (1.3 లీటర్ల) ఇంజన్ సామాన్లు చాలావరకు అక్కడ దొరుకుతాయి. వాటిలో చాలావాటికంటే జిప్సీ పొడవైన బండి, ముందు వెనక చక్రాల మధ్య 2375 మిల్లీమీటర్లు. అందుకని వెనక ప్రొపెల్లర్ షాఫ్టు, హుడ్ గుడ్డ, వెనక లైట్లు, ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ లేని ఇంజెక్షన్ రకం) అయితే దాని ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) ఒక జత అదనంగా పెట్టుకోండి. అవన్నీ ప్యాకింగ్ లిస్టులో ఒక్కొక్కటిగా రాయించాలి, లేకపోతే కంటైనర్ తెరిచిన చోట లెక్క తేలేదాకా బండీ ఆగుతుంది.